పెరట్లో చెరువు అంచు: తడినేల పసుపు పూలను పెంచే పద్ధతి

ఊబినేలలో గుంపులుగా విచ్చుకుని, నూనె రాసినట్టు మెరిసే పసుపు పూల బొమ్మను చూసి, ఆ విత్తనాలు తెప్పించుకుని కడపలో మొలిపిద్దామని ప్రయత్నించి విసిగిపోయినవారు నాకు తెలిసి ఇద్దరు ముగ్గురున్నారు. వారిలో మొదటివాణ్ణి నేనే. మార్ష్ మేరిగోల్డ్ అని పిలిచే ఆ మొక్క పేరులో బంతి ఉన్నా బంతి జాతికి చెందినది కాదు. దాని శాస్త్రీయ నామం కాల్థా పాలుస్ట్రిస్. పూలలో మనకు రేకులుగా కనిపించేవి నిజానికి రక్షక పత్రాలు, అంటే మొగ్గను కప్పి ఉంచే పత్రాలు; ఆకర్షక పత్రాలు, అంటే అసలైన రేకులు, దానికి ఉండవు. ఐరోపాలోను, ఉత్తర అమెరికాలోను వాగుల ఒడ్డున, మన దేశంలో హిమాలయాల చల్లని ఎత్తుల్లో అది మంచు కరిగిన వెంటనే పూస్తుంది. విత్తనం మొలవాలంటే ముందు కొన్ని వారాలపాటు గట్టి చలి తగలాలి. ఫ్రిజ్‌లో పెట్టి ఆ చలి చూపించి మొలిపించినా, 40 డిగ్రీలు దాటే మన మే నెల దానికి మిగిల్చేది ఏమీ ఉండదు.

అలాంటి పూల మీద మనసు పడటంలో తప్పు లేదు. వెతికే చోటే తప్పు. రాయలసీమ అనగానే ఎండిన నేల గుర్తుకు వస్తుంది గానీ, ఇక్కడి ప్రతి ఊరికీ ఒక చెరువో కుంటో ఉంది. వానలు నిలిచాక సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆ చెరువుల అంచుల్లో పసుపు పూలు పూస్తూనే ఉంటాయి. పంచాంగంలో వసంతం చైత్ర వైశాఖాలదే అయినా, తడినేలకు మాత్రం అది పుష్యమాసంలోనే మొదలవుతుంది. ఈ వ్యాసంలో చెప్పబోయేది ఆ మొక్కలను గుర్తుపట్టడం, వాటి విత్తనాలు సేకరించడం, ఇంటి పెరట్లో ఒక తొట్టిలో పెంచడం గురించి. అసలు కిటుకు ఒక్కటే, ముందే చెప్పేస్తాను. ఈ మొక్కలకు కావలసింది ఎప్పుడూ ఒకే తీరుగా ఉండే తడి కాదు, నెమ్మదిగా వెనక్కి తగ్గే నీరు. చెరువు తగ్గినట్టుగా మన తొట్టిలోనూ నీటిని తగ్గించగలిగితే మిగతా పని చాలావరకు మొక్కలే చేసుకుంటాయి.

ముందు చెరువును చూడాలి

జనవరి చివరి వారంలో, ఉదయం ఎనిమిది తొమ్మిది గంటల మధ్య, నీళ్ళు సగానికి తగ్గిన ఏదైనా చెరువు దగ్గరికి వెళ్ళి, కట్ట మీద నుంచి కాకుండా నీళ్ళు వచ్చి చేరే వైపు నుంచి, అంటే లోతు తక్కువగా ఉండే వైపు నుంచి చూడాలి. కట్ట వైపు నీటి అంచు రాళ్ళకు ఆనుకుని ఉంటుంది కాబట్టి అక్కడ మొక్కలకు చోటు తక్కువ. లోతు తక్కువ వైపున మాత్రం నీరు రోజుకు జానెడో మూరెడో వెనక్కి జరుగుతూ, వెనక ఒక పొడవైన బురద పట్టీని వదులుతుంది. ఆ పట్టీలో నీటిని ఆనుకుని ఉన్న మెత్తని బురద ఒక అంచు, పాదం దిగబడకుండా కొద్దిగా అణిగే నేల రెండవ అంచు, నెర్రెలు విచ్చిన నేల మూడవ అంచు. ఈ మూడు అంచుల్లోనూ మొలిచే మొక్కలు వేరు. నెల తర్వాత అదే చోటికి వెళితే మొక్కలు అవే ఉన్నా అంచులు మాత్రం చెరువు లోపలికి ఇరవై ముప్పై అడుగులు జరిగి ఉంటాయి.

బురదలో నడిచేటప్పుడు కర్ర ఒకటి చేత ఉండటం మంచిది. గేదెలు దొర్లిన గుంటలు పైకి గట్టిగా కనిపిస్తాయి గాని మోకాలి దాకా దిగబడతాయి. తుంగ దట్టంగా ఉన్నచోట నీరుకట్టె పాములు ఉంటాయి, వాటికి విషం లేకపోయినా కాలు జారి పడటానికి ఆ ఉలికిపాటు చాలు.

కట్టకు అవతలి వైపు, అంటే ఆయకట్టు వైపు, కట్ట అడుగున జాలు పట్టిన నేల కూడా ఈ పూలకు మంచి నెలవు. మన జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను చెప్పాక, ఉండకూడని ఆరు దోషాలను కూడా ఆ శాసనం లెక్కపెట్టింది. కట్ట నుంచి నీరు ఊరడం ఆ దోషాల్లో ఒకటి, చవుటి నేల మరొకటి. చెరువు కట్టినవాడికి దోషమైన ఆ ఊటే ఈ మొక్కలకు వరం: చెరువు పూర్తిగా ఎండిపోయే ఏప్రిల్‌లో కూడా కట్ట కింది జాలులో నాలుగు పసుపు పూలు దొరుకుతాయి.

ఏ మొక్కలను ఎంచుకోవాలి

మొదటి అంచులో, ఒక్కొక్కప్పుడు మొదలు నీటిలోనే ఉండి, నడుము ఎత్తు వరకు పెరిగే మొక్క లుడ్విజియా. దీని కాయ చూడటానికి అచ్చం లవంగంలా ఉంటుంది కాబట్టి ఈ వ్యాసంలో దీన్ని నీటి లవంగం అంటాను. ఈ ప్రజాతిలో మన చెరువుల దగ్గర రెండు మూడు జాతులు కనిపిస్తాయి. వాటిలో పెరట్లో పెంచదగినది పెద్ద పువ్వు పూసే లుడ్విజియా ఆక్టోవాల్విస్. నాలుగు రేకులు, ఒక్కొక్కటి బొటనవేలి గోరంత, నిమ్మపండు మాగినప్పటి రంగు. పువ్వు ఉదయం విచ్చుకుంటుంది, ఎండ ముదిరాక కొమ్మను వేలితో తాకితే చాలు నాలుగు రేకులూ ఒకదాని వెంట ఒకటి రాలి బురద మీద పడతాయి. రేకులు రాలినా వాటి వెనక ఉన్న నాలుగు రక్షక పత్రాలు రాలవు. పువ్వు కింద కాడలా కనిపించినది కాడ కాదు, కాయ. అది క్రమంగా పొడవై, ఎర్రబడి, నిలువు గాడులు తేలి, తల మీద ఆ నాలుగు పత్రాలను కిరీటంలా మోస్తూ నిలబడుతుంది. ఆ దశలో చూస్తే లవంగం పోలిక ఎవరికైనా వెంటనే తడుతుంది. నీటిలో మునిగి ఉన్న కాండాన్ని వేళ్ళతో నొక్కితే స్పాంజిలా లోపలికి పోతుంది, ఎందుకంటే గాలి ఆడని బురదలో వేళ్ళకు ఊపిరి అందించే గాలి గదులు ఆ భాగంలో ఏర్పడతాయి.

రెండవ అంచులో, నేలను అంటిపెట్టుకుని చాపలా పరుచుకునే మొక్క గ్రాంజియా. మాచిపత్రి అని దీన్ని పిలిచేవారు కొందరున్నారు. వినాయక చవితి పత్రిలో చాలామంది వాడే మాచిపత్రి వేరు, అది దవనానికి చుట్టం. గ్రాంజియా ఆకు మెత్తని నూగుతో, అంచులు లోతుగా చీలి ఉంటుంది, నలిపితే ఘాటైన వాసన వస్తుంది. పువ్వుకు బంతిపువ్వులా చుట్టూ రేకులు ఉండవు. గోళీలో సగమంత ఉన్న గట్టి పసుపు బొత్తం మాత్రమే ఉంటుంది. దూరం నుంచి ఎవరో పసుపు గుండీలు పారబోసినట్టు కనిపించే ఈ మొక్కను చాలామంది తొక్కుకుంటూ పోతారు. నా దృష్టిలో ఈ ప్రాంతపు తడినేలకు అసలైన వసంత పుష్పం ఇదే. వానకాలంలో దీని జాడ ఉండదు, నీరు తీసిన నేల మీద మాత్రమే మొలిచి, ఆ నేల ఎండేలోగా పూసి, కాసి, వెళ్ళిపోతుంది.

మూడవ మొక్క జీలుగ. దీన్ని రైతులకు పరిచయం చేయనక్కరలేదు. పచ్చిరొట్ట ఎరువుగా చల్లి, సుమారు 45 నుంచి 50 రోజులకు, పూత మొదలయ్యే వేళకు దున్నేస్తారు కాబట్టి జీలుగ నిండుగా పూస్తే ఎలా ఉంటుందో చూసినవారు తక్కువ. చిక్కుడు పువ్వు పోలికలో ఉండే పసుపు పువ్వు, పై రేకు వెనక ఊదారంగు చుక్కలు. నీరు నిలిచినా, నేల కొద్దిగా చవుడైనా తట్టుకుంటుంది. ఎత్తు ఆరడుగులు దాటుతుంది కనుక తొట్టిలో కాకుండా దాని పక్కన, పారే నీటి దారిలో వేసుకోవాలి. దీని బంధువైన బెండు జీలుగ కాండంలోని తెల్లని బెండుతోనే పెళ్ళి బాసికాలు చేస్తారు. దానికీ పసుపు పూలే, అయితే దానికి లోతైన నీరు కావాలి కాబట్టి ఇంట్లో కుదరదు.

వీటికి తోడు పులిచింత, గంగవాయిలి పిలవకుండానే వస్తాయి. రెంటికీ పసుపు పూలే. ఉంచుకుంటే అందం, పీకితే పప్పులోకి కూర.

పెంచకూడనివి కూడా చెప్పాలి. తడినేల పూలు కావాలని నర్సరీలో అడిగితే చాలాచోట్ల చేతిలో పెట్టేది వెడీలియా. గుండ్రని పసుపు పూలతో, నిగనిగలాడే ఆకులతో, రోడ్డు మధ్య విభాజకాల మీద అల్లుకుని కనిపించేది అదే. మాకు దగ్గరలోని ఒక నర్సరీలో ఇది మన చెరువుల మొక్కేనని చెప్పి నాకు ఆరు మొక్కలు అమ్మారు. నేనూ పేరు విచారించకుండా నాటాను. రెండు వానకాలాలు తిరిగేసరికి అది తొట్టి దాటి, ప్రహరీ దాటి, పక్కవారి అరటి పాదుల్లోకి వెళ్ళింది. కణుపు కణుపుకీ వేరు దిగే ఆ తీగను ముక్క మిగలకుండా తీయడానికి నాకు ఒక ఏడాది పట్టింది. అది అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల మొక్క. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 చొరబాటు జాతుల జాబితాలో దాని పేరు కూడా ఉంది. అలాగే శుభ్రమైన గుంటల్లో తేలే యుట్రిక్యులేరియా అనే పసుపు పూల మొక్క కంటపడితే చూసి ఆనందించి వదిలేయాలి. నీటిలోని సన్నని పురుగులను చిన్న సంచుల్లోకి లాగి పట్టి తినే ఆ మొక్క పోషకాలు తక్కువగా ఉన్న నీటిలోనే బతుకుతుంది, మన కుళాయి నీటిలో వారం కూడా ఆగదు.

విత్తనం సేకరించడం

మొక్కను పెకలించి తేవడం దండగ. మొదటి ఏడాది నేను నీటి లవంగం మొక్కలు నాలుగింటిని బురదతో సహా కవరులో వేసుకుని తెచ్చాను. ఇల్లు చేరేసరికి తలలు వేలాడేశాయి, మూడో రోజుకు ఆకులన్నీ నల్లబడ్డాయి. విత్తనమైతే ఒక్క కాయ చాలు. ఫిబ్రవరి నెలాఖరులో కాయలు గోధుమరంగుకు తిరుగుతాయి. గాడుల మధ్య పొర పలుచనై, గోరుతో గీస్తే చిరిగిపోయే దశకు వచ్చిన కాయను కోసి, తెల్ల కాగితం మీద పెట్టి చీలిస్తే, లోపల నుంచి బొంబాయి రవ్వకంటే ఎన్నో రెట్లు సన్నని గింజలు పొడిలా రాలతాయి. ఊపిరి వదిలితే ఎగిరిపోయేంత తేలిక. ఐదారు కాయల పొడి ఒక తొట్టికి ఎక్కువే అవుతుంది. గ్రాంజియాకైతే బొత్తం పసుపు పోయి మాసిన రంగుకు వచ్చి, చిదిమితే పొడిగా విడిపోయే వరకు ఆగాలి. రెండింటినీ విడివిడిగా కాగితపు పొట్లాల్లో కట్టి, పేరు, తెచ్చిన చెరువు, తేదీ రాసి, నీడలో ఉంచాలి. ప్లాస్టిక్ కవరులో మిగిలిన కొద్దిపాటి చెమ్మకే బూజు పడుతుంది. జీలుగ గింజలు విత్తనాల దుకాణంలో కొనుక్కోవచ్చు, ఇంటికి పిడికెడు చాలు.

విత్తనాలతో పాటు రెండు బస్తాల ఒండ్రుమట్టి కూడా కావాలి. చెరువు మట్టిని రైతులు పొలాలకు తోలుకునే ఎండాకాలంలో, వారిని అడిగి ఆ కుప్పలోంచి తీసుకోవడమే పద్ధతి, సొంతంగా చెరువులో గుంట తవ్వకూడదు. ఈ మట్టిలో మనం సేకరించని విత్తనాలు కూడా నిద్రపోతూ ఉంటాయి. నా తొట్టిలో మొదటి ఏడాది మొలిచిన గ్రాంజియాలో సగం నేను చల్లినది కాదని, మట్టితో పాటు వచ్చినదేనని మొలిచిన చోటును బట్టి తెలిసింది.

తొట్టి, మూడు తూములు

మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న సిమెంటు తొట్టి సరిపోతుంది. అది దొరకకపోతే అదే కొలతలో గుంట తవ్వి, మందపాటి టార్పాలిన్ పట్టా పరుచుకోవచ్చు, అయితే కింద చెప్పబోయే తూముల పని పట్టాతో కొంచెం కష్టం. తొట్టిని మిద్దె మీద పెట్టే ఆలోచన ఉంటే ముందే మానుకోవాలి: మట్టీ నీరూ కలిసి 300 కిలోలు దాటుతుంది. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగిలే చోటు, వీలైతే తూర్పు ఎండ పూర్తిగా తగిలి మూడు గంటల తర్వాత గోడ నీడ పడే చోటు, నేల మీద చూసుకోవాలి.

తొట్టికి ఒక చివర, వెడల్పు గోడకు, అడుగు నుంచి 5 అంగుళాల ఎత్తులో ఒకటి, 10 అంగుళాల దగ్గర ఒకటి, 12 అంగుళాల దగ్గర ఒకటి, చిటికెన వేలు దూరేంత రంధ్రాలు మూడు వేయించాలి. పాత చెరువు తూములకు నిలువునా మెట్లుగా రంధ్రాలుంచి బిరడాలు కొట్టి, నీటి మట్టం తగ్గేకొద్దీ ఒక్కొక్కటే తీసే పద్ధతిని చూసినవారికి ఇది కొత్త కాదు. ఈ మూడు రంధ్రాలు మన తొట్టికి తూములు. కొయ్య బిరడాలు చెక్కించి పాత పంచె పీలిక చుట్టి బిగిస్తే నీరు కారదు. మట్టి కొట్టుకుపోకుండా రంధ్రాలకు లోపలి వైపు కొబ్బరి పీచు ముద్ద పెట్టి, దానికి గులకరాళ్ళు ఆనించాలి.

ఒండ్రుమట్టి రెండు వంతులు, ఎర్రమట్టి ఒక వంతు కలిపి నింపాలి. నంద్యాల, ప్రొద్దుటూరు వైపు రేగడి నేలలవారు ఎర్రమట్టి బదులు ముతక ఇసుక కలుపుకోవచ్చు, లేకపోతే మట్టి గట్టిపడి తొట్టికీ మట్టికీ మధ్య సందు విడుతుంది. పశువుల ఎరువు, కోళ్ళ ఎరువు, యూరియా ఏవీ వేయకూడదు. నీరు నిలిచే మట్టిలో పచ్చి ఎరువు కుళ్ళి కంపు కొడుతుంది, పైన పాచి కడుతుంది, ఆ పాచి కింద సన్నని విత్తనానికి వెలుతురు అందదు. మట్టిని సమతలంగా కాకుండా వాలుగా నింపడం అన్నిటికంటే ముఖ్యం: తూముల వైపు అడుగు నుంచి 10 అంగుళాలు, అవతలి చివర 15 అంగుళాలు. ఈ ఐదు అంగుళాల వాలులోనే చెరువు మూడు అంచులూ ఇమిడిపోతాయి. నింపాక నీళ్ళు పోసి వారం రోజులు అణగనిచ్చి, దిగిన మేరకు మళ్ళీ మట్టి వేసి వాలు సరిచేయాలి.

నీరు ఎక్కడిది

ఈ జిల్లాల్లో పూల మొక్కలకు మంచినీళ్ళు పోస్తానంటే ఇంట్లో వినేవారు ఉండరు, వినకపోవడం న్యాయమే. బచ్చలి (స్నానాల గది) నీళ్ళలో స్నానపు నీరు పనికొస్తుంది, బట్టలు ఉతికిన సబ్బుపొడి నీరు పనికిరాదు. బియ్యం కడిగిన నీరు కుండీ మొక్కలకు మంచిదే గానీ నిలవ నీటి తొట్టిలో పులిసిపోతుంది కాబట్టి పోయకూడదు. ఏసీ పైపు నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు కనుక అది శ్రేష్ఠం. నీళ్ళు శుద్ధి చేసే ఆర్‌వో యంత్రం వదిలేసే నీటిలో మాత్రం తీసేసిన ఉప్పంతా చేరి ఉంటుంది. అసలే ఉప్పగా ఉండే బోరు నీటిని శుద్ధి చేసి వదిలిన ఆ నీరు పోస్తూ పోతే రెండు నెలల్లో తొట్టి అంచుల వెంబడి తెల్లని చవుడు పేరుకుంటుంది. దాన్ని జీలుగకు మళ్ళిస్తే జీలుగ తట్టుకుంటుంది, నీటి లవంగం తట్టుకోదు. వానకాలంలో మిద్దె నీటిని తొట్టి మీదుగా పారించి, కింది తూము తీసి రెండు మూడు సార్లు కడిగితే పేరుకున్న ఉప్పు చాలావరకు దిగిపోతుంది.

విత్తడం నుంచి పూత వరకు

అక్టోబరు రెండో పక్షంలో, వానల ధాటి తగ్గాక, మధ్య తూము తీసి ఉంచి, పై తూము, కింది తూము మూసి నీళ్ళు పోయాలి. అప్పుడు నీటి మట్టం సరిగ్గా వాలు కింది చివర మట్టితో సమానంగా నిలుస్తుంది. నీటి లవంగం గింజల పొడిని పిడికెడు పొడి ఇసుకలో కలిపి, వాలు కింది సగంలో పలుచగా చల్లాలి. చల్లాక మట్టి కప్పకూడదు. దీని గింజ వెలుతురు తగిలితేనే సరిగా మొలుస్తుంది. ఈ సంగతి తెలియక నేను ఒక ఏడాది అలవాటు ప్రకారం పైన పొడి మట్టి చల్లి నెల రోజులు ఖాళీ తొట్టిని చూస్తూ కూర్చున్నాను. చెంబుతో నీళ్ళు పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి కాబట్టి, మొలిచేవరకు నీటిని వాలు పై చివర నుంచి, ఒక పెంకు మీద పడేలా నెమ్మదిగా పోయాలి. వారం పది రోజుల్లో మట్టి మీద ఆకుపచ్చని దుమ్ము పడినట్టు కనిపిస్తుంది; వంగి దగ్గరగా చూస్తే అది దుమ్ము కాదు, ఆవగింజలో సగమంత ఆకుల జతలు. వేలెడు ఎత్తు వచ్చాక బలమైనవి ఏడెనిమిది ఉంచి మిగిలినవి తీసేయాలి. పాపమనిపించి ఎక్కువ ఉంచితే అన్నీ సన్నగా పెరిగి ఒక్కటీ సరిగా పూయదు.

మొక్కలు జానెడు ఎత్తయ్యాక, అంటే డిసెంబరు మొదట్లో, మధ్య తూము మూసి పై తూము తీయాలి. కింది చివర రెండు అంగుళాల నీరు నిలుస్తుంది. కాండం అడుగు ఉబ్బి స్పాంజిలా మారేది ఈ దశలోనే. నీరు నిలిచి ఉన్నన్నాళ్ళూ దోమల సంగతి మరువకూడదు. గుడ్డు నుంచి దోమ కావడానికి మన వాతావరణంలో వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారానికొకసారి మధ్య తూము తీసి నిలిచిన నీటిని పూర్తిగా వదిలేసి, ఒక పూట ఆరనిచ్చి, కొత్త నీరు పెట్టాలి. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ చెప్పే ఫ్రైడే డ్రై డే నాడే ఈ పని పెట్టుకుంటే మరిచిపోరు. వదిలిన నీరు జీలుగ పాదుకు పోతుంది.

సంక్రాంతి పండుగ అయ్యాక చెరువు తగ్గడం మొదలైనట్టే మన తొట్టి కూడా తగ్గాలి. మధ్య తూము తీసి ఇక మూయకూడదు. ఆ వారంలోనే వాలు పై సగంలో గ్రాంజియా గింజలు చల్లి, అరచేతితో మెల్లగా అదమాలి. ఇక్కడ నేల తడిగా ఉండాలే గానీ నీరు పైకి కనిపించకూడదు. తొట్టి అడుగు నుంచి తడి పైకి పీల్చుకుని వస్తుంది కాబట్టి పైన నీళ్ళు చల్లే అవసరం కూడా దాదాపు ఉండదు. శివరాత్రికి కింది తూము తీయాలి. అప్పటికి నీటి లవంగం నిండు పూతలో ఉంటుంది. వేళ్ళ దగ్గర నీరు తగ్గుతుందని తెలిసిన మొక్క ఆకులు పెంచడం మాని పూత, కాయ మీద పడుతుందనిపించడం నా అనుభవం. తూములు మూసి ఉంచిన ఏడాది మొక్కలు ఛాతీ ఎత్తు పెరిగాయి గానీ పూలు సగం కూడా రాలేదు. ఫాల్గుణంలో గ్రాంజియా బొత్తాలు కనబడతాయి. నీళ్ళు మరీ ఎక్కువ పోస్తే ఇది ఆకులు మాత్రమే వేస్తుంది, మట్టి మీద వెంట్రుకంత నెర్రె కనిపించేవరకు ఆగి అప్పుడు ఒక చిన్న బకెట్టు పోస్తే చాలు.

జీలుగ గింజలను ముందురోజు రాత్రి నానబెట్టి మరునాడు పెట్టాలి. పెంకు గట్టిది కాబట్టి నానబెట్టకపోతే ఒకటి ఇవాళ, ఒకటి పది రోజులకు మొలుస్తుంది. ఇది ఆగస్టులో వేస్తే అక్టోబరులో, జనవరిలో వేస్తే ఉగాది లోపల పూస్తుంది. చలికి ఎదుగుదల కొంచెం మందగిస్తుంది, అంతే.

పురుగులు, పక్కపొలాలు

నీటి లవంగం ఆకుల మీద ఒకరోజు ఉదయం మెరిసే నీలిరంగు పెంకు పురుగులు, మినపగింజంత ఉన్నవి, గుంపుగా వాలి ఉండటం చూస్తారు. తాకబోతే మిడతలా ఎగిరి పడతాయి. రెండు మూడు రోజుల్లో ఆకు జల్లెడ అవుతుంది. ఈ పురుగుకు ఈ మొక్క అంటే ప్రత్యేకమైన ఇష్టం, పక్కనున్న మల్లెకో మందారానికో వెళ్ళదు. మందు కొట్టవలసిన పని లేదు. ఎండ రాకముందు అవి చురుగ్గా కదలలేవు కాబట్టి, కొమ్మ కింద సబ్బునీళ్ళ చిప్ప పట్టి కొమ్మను విదిలిస్తే సగానికి పైగా అందులో పడతాయి. మిగిలిన సగాన్ని వదిలేసినా మొక్క చావదు, కొత్త ఆకు వేస్తుంది. జీలుగ ఆకు మీద సన్నని ఆకుపచ్చ గొంగళి పురుగులు కనిపిస్తే వాటిని అసలు తాకకూడదు: పెరట్లో నేలబారుగా ఎగిరే చిన్న పసుపు సీతాకోకచిలుకల పిల్లలు అవి.

చివరి జాగ్రత్త రైతుల కోసం. మనం ముచ్చటపడి పెంచే నీటి లవంగం వరి మడిలో కలుపు. కె.సి. (కర్నూలు-కడప) కాలువ ఆయకట్టులో వరి వేసేవారికి అది పెట్టే ఇబ్బంది తెలిసినదే. ఇంటి మురుగు పంట కాలువలోకి వెళ్ళే ఊళ్ళలో, కాయలు గోధుమరంగుకు తిరగగానే వచ్చే ఏటికి కావలసిన ఐదారు ఉంచుకుని మిగతా కొమ్మలను కాయలతో సహా కోసి, ఎండబెట్టి కాల్చేయాలి. తొట్టి కింది తూము బయటి వైపున ఒక పలుచని గుడ్డ కట్టి ఉంచితే రాలిన గింజలు నీటితో పోకుండా ఆగుతాయి.

ఏప్రిల్ మొదటి వారానికి నీటి లవంగం ఎండుకొమ్మగా మారుతుంది, గ్రాంజియా చాప గోధుమరంగుకు తిరిగి నేలకు అతుక్కుంటుంది. అప్పుడు నీళ్ళు పోయడం పూర్తిగా మానేయాలి. మూడు తూములూ తీసి, ఎండిన మొక్కలను మొదలంటా కోసి, మట్టిని తవ్వకుండా, తిరగేయకుండా, మే నెలంతా నెర్రెలు విచ్చేలా ఎండనివ్వాలి. చూసినవారు తొట్టి పాడైందని అనుకుని అందులో బీర పాదు పెడతామంటారు, ఒప్పుకోకూడదు. జూన్‌లో తొలకరి పడ్డాక బిరడాలు బయటకు తీసి, పీలికలు మార్చి, కొబ్బరి పీచు కొత్తది పెట్టి, అక్టోబరు దాకా పడిన వాన పడినట్టు తూముల గుండా పోనివ్వాలి.